పెట్టెకూ ఊపిరాడాలి

నేను రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. నలభై నిండలేదు, తల నెరవలేదు, చేతికర్ర కొనలేదు. అసలు సంగతేమిటంటే, ముందు రిటైరైంది నా నడుము. బండి వెనక బ్యాటరీ కట్టుకుని చిత్తూరు జిల్లా గుంతలన్నింటితో ఏళ్ళ తరబడి స్నేహం చేస్తే, అది నాకంటే ముందే రాజీనామా ఇచ్చేసింది. దాన్ని వదిలి నేనొక్కణ్ణే ఉద్యోగానికి పోలేను కాబట్టి వెంట వచ్చేశాను. ఆఫీసులో శాలువా కప్పారు. కప్పినవాళ్ళు నా పేరు ఒకసారి తప్పు చదివారు, తర్వాత సరిచేసుకున్నారు. అంతకంటే పెద్ద సన్మానాలు నేను చూడలేదు.

వంకల పక్కన, చెరువు కట్టల మీద ఇనుప స్తంభానికి బిగించిన తెల్ల పెట్టెలు మీరు చూసే ఉంటారు. పైన సోలారు పలక, లోపల ఒక బ్యాటరీ, ఒక సర్క్యూట్ బోర్డు. కొన్ని వానను కొలుస్తాయి. కొన్ని నీటిమట్టం చూసి, గీత దాటగానే సైరన్ మోగిస్తాయి. వాటిని ప్రాణంతో ఉంచడమే నా పని.

ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే అవి జరిగి ఉండాలి కదా. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు ట్రైనింగులో బోర్డు గురించి గంటల తరబడి చెబుతారని విన్నాను. బోర్డు తనంతట తాను చావడం నేను చూసింది తక్కువ. దాన్ని చంపేవి రెండు. ఒకటి తేమ. రెండోది, పక్కనే కూర్చుని దానికి రోజూ అన్నం పెట్టే బ్యాటరీ. ఇక పనిచేసేవాడిని తినేది ఇంకొకటి ఉంది, ఒంటరితనం. దానికి కంపెనీ చేతొడుగులు ఇవ్వదు.

డబ్బాల సేవ

మాది తిరుపతి. ఇంట్లో తరతరాలుగా గుడి కొలువు. నాయన ఒక చిన్న గుడిలో కైంకర్యం చేసేవాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుదుట నామం, భుజాన స్క్రూడ్రైవర్ల సంచి చూసి, "దేవుడికి సేవ చెయ్యమంటే డబ్బాలకు చేస్తా ఉండావే" అన్నాడు.

"రెండూ పిలిస్తే పలకవు నాయనా" అన్నాను.

ఆయన నవ్వలేదు. మా ఇంట్లో నవ్వు ప్రసాదం లాంటిది, వేళకే పెడతారు.

తిరుపతిలో పుట్టినవాడికి జనం కరువుండదు. రైలు దిగేవాళ్ళు, బస్సెక్కేవాళ్ళు, గుండు గీయించుకుని ఒకరినొకరు గుర్తుపట్టలేక నిలబడ్డవాళ్ళు. కానీ అందరూ ఎవరినో చూడ్డానికి వచ్చినవాళ్ళే, మనల్ని కాదు. అంతమంది మధ్య ఎవరికీ అక్కర్లేకుండా తిరగడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. ఈ ఉద్యోగానికి అంతకంటే మంచి అర్హత లేదు.

పొద్దున పెట్రోలు బంకులో "ఫుల్" అంటాను. మధ్యాహ్నం ఏదో చెరువు కట్ట మీద క్యారియర్ తెరిస్తే ఒక కాకి వస్తుంది. దానికీ నాకూ పెరుగన్నం దగ్గర తప్ప అభిప్రాయ భేదాలు లేవు. సాయంత్రం చిత్తూరు ఆఫీసు నుంచి ఫోను వస్తుంది.

"పెట్టె ఎట్లుండాది?"

"బాగుండాది సార్."

పెట్టేస్తారు. పెట్టె ఆరోగ్యాన్ని రోజూ విచారించే మనుషులున్నారు. దాని అదృష్టం దానిది.

మొదటి ఏడాది పెట్టెలతో మాట్లాడేవాణ్ణి. రెండో ఏడాది మానేశాను, అవి విసుక్కుంటున్నట్టు అనిపించి.

పెళ్ళిచూపులకు పోతే, ఏం చేస్తుంటావని అడిగారు. వంకల పక్కన ఒంటరిగా ఉండే పెట్టెలను చూసుకుంటానని చెప్పాను. పిల్ల తండ్రి కాఫీ తాగమన్నాడు. కాఫీ బాగుంది.

ఊపిరి

నాకు పని నేర్పింది గోవిందస్వామి సారు. నగరి మనిషి, మాటలో సగం అరవం, చేతిలో ఎప్పుడూ ఒక పాత బ్రష్షు. నన్ను మొట్టమొదట తీసుకుపోయింది శ్రీ సిటీ అవతల ఉన్న పెట్టె దగ్గరికి. అక్కడ సముద్రపు గాలి. చొక్కా ఉతికి ఆరేస్తే ఉతికిన సంగతి రెండు రోజులు మరిచిపోదు.

నాకు ముందు ఆ పెట్టె చూసినవాడు జాగ్రత్తపరుడు. వాన నీళ్ళు దూరకుండా తలుపు చుట్టూ, మూలమూలనా సిలికాన్ జిగురు పూసి బిగించేశాడు. ఉలితో కొట్టి తలుపు తీయాల్సి వచ్చింది. తీస్తే లోపల గోడలకు చెమట, బోర్డు మీద పచ్చటి చిలుము, అడుగున చారెడు నీళ్ళు. ఆ నీళ్ళలో ఒక కప్ప. పైన కంతలన్నీ మూసినవాడు, కింద వైర్లు వచ్చే పైపు సంగతి మరిచిపోయాడు. కప్ప మమ్మల్ని చూసిన తీరు చూస్తే, తలుపు తట్టి రావాల్సిందేమో అనిపించింది.

"సూడప్పా వేణూ," అన్నాడు సారు, "పెట్టె ఊపిరి పీలుస్తాది. పగలు ఎండకు లోపలి గాలి వేడెక్కి బయటికి పోతాది. రాత్రి సల్లబడితే బయటి గాలిని లోపలికి లాగుతాది. ఆ గాలితోనే తేమ వస్తాది. ఎంత బిగించినా యాడో ఒక సన్న సందు ఉంటాది. వచ్చే దారి ఉండి పోయే దారి లేకుంటే, లోపలే ఉండిపోతాది. అర్థమాయెనా?"

అర్థమైంది. అందుకే పెట్టె అడుగున, వాన పడని వైపు, చీమ దూరనంత సన్నటి జల్లెడ బిగించిన గాలి రంధ్రం ఉంటుంది. దాన్ని ఎవరూ మూయకూడదు. తేమ పీల్చే గుళికల సంచి లోపల పెట్టాలి. ఎండినవి నీలంగా ఉంటాయి, తేమ తాగి నిండిపోయినవి గులాబీ రంగుకు తిరుగుతాయి. గులాబీ చూడ్డానికి అందంగా ఉంది కదా అని వదిలేసి వచ్చినవాడు నాకు తెలుసు. వైరు పెట్టెలోకి తిన్నగా పోకూడదు. కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వానలో తలుపు తీయకండి. తప్పకపోతే గొడుగు పెట్టెకు, తడవడం మనకు. సంసారం కూడా ఇంతేనని పెళ్ళయినవాళ్ళు చెప్పారు. నాకు అనుభవం లేదు.

సారు ఉంగరం

బ్యాటరీ పన్నెండు వోల్టులే కదా అని లోకానికి చిన్నచూపు. షాక్ కొట్టదు, నిజమే. అది కొట్టే దెబ్బలు వేరు. ఇనుప ముక్క రెండు కొసలకు అడ్డం పడితే ఆ ముక్క ఎర్రగా కాలుతుంది. లోపల ఉన్నది ఆసిడ్. మోతాదుకు మించి ఛార్జి ఎక్కితే వదిలేది నిప్పు తగిలితే పేలే గాలి. బుద్ధిమంతుడిలా మూల కూర్చున్నంత మాత్రాన నమ్మకూడదు. మా బంధువుల్లోనూ అలాంటివాళ్ళున్నారు.

బ్యాటరీ ముట్టుకునే ముందు గడియారం, గొలుసు, ఉంగరం తీసి జేబులో వేసుకోవాలని మాకు చెప్పింది గోవిందస్వామి సారే. ఆయన వేలికి మాత్రం లావుపాటి వెండి ఉంగరం ఉండేది. తీస్తే గండమని జ్యోతిష్కుడు చెప్పాడట. ఒకరోజు నగరిలో బ్యాటరీ ఒక కొస మీద స్పానరు తిప్పుతుంటే, ఆ ఉంగరం ఒక పక్క స్పానరుకు, ఇంకో పక్క బ్యాటరీ రెండో కొసకు ఒకేసారి తగిలింది. ఒక మెరుపు, ఒక అరుపు. పక్క వీధిలో మగ్గాల చప్పుడు కూడా కాసేపు ఆగింది. బిందెడు నీళ్ళలో చెయ్యి ముంచి, సబ్బు పూసి ఉంగరం ఊడదీశాం. దాని అచ్చు వేలి మీద ఉండిపోయింది.

"గండం తప్పించే ఉంగరమే గండమైంది గదా సార్" అన్నాను.

"గమ్మున ఉండప్పా. తీసింటే ఇంకా పెద్దది వచ్చుండు."

నమ్మకానికి ఫ్యూజు ఉండదు. తర్వాత ఉంగరాన్ని దారానికి గుచ్చి మెడలో వేసుకున్నాడు. పెట్టె ముందు వంగితే అది ఇంకా ముందుకు వేలాడేది. మనిషి అనుభవంతో నేర్చుకుంటాడు, కాకపోతే పూర్తిగా కాదు.

మంచి బాసే. తాను పోని చోటికి మమ్మల్ని పంపలేదు. ఒకటే లోపం. పండగ వచ్చిందంటే పెట్టెలు కూడా సెలవు పెట్టాయనుకునేవాడు.

వంక

ఐరాల దాటాక ఒక వంక ఉంది. దాని మీద గోడల్లేని చిన్న వంతెన, చప్టా. కొండల్లో వాన పడితే, ఇక్కడ చినుకు లేకపోయినా చప్టా మీదికి నీళ్ళొస్తాయి. మా సైరన్ పెట్టె ఈ ఒడ్డున రేణుకమ్మ చేని గట్టు మీద ఉండేది. ఆమె భర్త మునస్వామి రోజూ తెల్లారి పాల క్యాన్లు బండికి కట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న పాల కేంద్రానికి పోయి వచ్చేవాడు.

సైరన్ లేని రోజుల్లో ఒకసారి ఆ వంక ఆయన్ని ఈడ్చుకుపోయింది. బండి ఒక మలుపులో దొరికింది. క్యాన్లు దొరకలేదు. మనిషి తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతూ దొరికాడు. కిందికి దించగానే క్యాన్ల గురించి అడిగాడట. అయినా బుద్ధి రాలేదు. నీళ్ళు కనబడితే, మోకాటి లోతే కదా అని దిగేవాడు.

"నా మాట వినడు సామీ," అని రేణుకమ్మ నాతో చెప్పేది. "ఆ పెట్టె మాటే వింటాడు. అది కూసిందంటే నిలబడిపోతాడు. పెండ్లాడింది నన్నా, దాన్నా?"

అందుకే ఆ పెట్టె మీద ఆమెకు మమకారం. నేను పోయినప్పుడల్లా తుడిచి, బొట్టు పెట్టి ఉండేది. అది మూగబోతే ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఒక ఏడు ఆయుధపూజ రోజు. ఆ పెట్టె నా ఫోనుకు పంపే లెక్కలో వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తోందని నేను సారుకు చెప్పాను. "పండగ పోనీ అప్పా, రేపు సూస్తాం" అన్నాడు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది, అది పండగలు పాటిస్తుందో లేదో తెలియదు. నాయన అప్పటికి పోయాడు. ఇంట్లో పూజ చేయడానికి నాకున్న ఆయుధాలు బండి, స్పానరు. ముగ్గురం కలిసి బయల్దేరాం.

నేను చేరేసరికి పెట్టె కనబడలేదు. ఆ చోట ఎవరో లీడరు నవ్వుతూ దండం పెడుతున్నాడు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీని పెట్టె చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొబ్బరి తాడుతో బిగించారు. దాని మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఎదురుగా హారతి పళ్ళెంతో రేణుకమ్మ.

"వచ్చినావా సామీ! దేవుడు పంపినట్ట వచ్చినావు. అయ్యోరి బిడ్డవి, నీ చేత్తోనే హారతి ఇచ్చేయి."

"ఈయనెవరక్కా, పెట్టె చుట్టూ?"

"ఎవురో నాకేం తెలుసు. పుట్టినరోజు అయినాక రోడ్డు పక్కన పారేసింటే తెచ్చినా. వానకు తడస్తా ఉండాది గదా పాపం, జలుబు సేయదా దానికి?"

"ఎప్పుడు కట్టినారు?"

"వినాయక సవితి పోయినాకనే."

అంటే అప్పటినుంచీ అడుగున గాలి రంధ్రం మూసుకుపోయి ఉంది. దగ్గరికి పోయాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పండగపూట గుడ్లేమిటని అడగబోయి ఆగిపోయాను. అది వంటింటి వాసన కాదు, ఉడుకుతున్న బ్యాటరీ వాసన. వెనక అగ్గిపెట్టె చప్పుడైంది.

"అక్కా, గీయొద్దు!"

పుల్ల ఆమె చేతిలోనే ఉంది. "ఏం సామీ, పూజ కాడ అశుభం మాదిరి అరస్తావు?"

"లోపల గాలి నిండి ఉండాదక్కా. నిప్పు సోకితే పేలతాది. తలుపొచ్చి మన మొహాన పడతాది."

"అట్లని పూజ మానేస్తారా ఇయ్యాల? ఆయన ఆ గట్టున ఉండాడు. కొండల మింద సూడు, ఎట్ల నల్లగా కమ్ముకుందో. ఈ పొద్దే దీనికి హారతి లేకుంటే ఎట్ల?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హైడ్రోజన్ గురించి చెప్పే సమయం కాదది. పెట్టె మీద, ఫ్లెక్సీ కింద, కంపెనీవాళ్ళు అంటించిన హెచ్చరిక ఉండనే ఉంది, కాకపోతే ఇంగ్లీషులో. దాని మీదే ఆమె పెద్ద బొట్టు పెట్టింది. ఆ హెచ్చరికకు అంత మర్యాద ఇంకెవరూ చేయలేదు.

మా ఇంటి విద్య అక్కడ పనికొచ్చింది. "అక్కా, గుడికి పోతే గర్భగుడి లోపలికి పోతారా మీరు?"

"ఎట్ల పోతాము?"

"గడప ఇవతల నిలబడే గదా దండం పెడతారు? దీనికీ అంతే. ఈ పెట్టెకు అర్చకుణ్ణి నేను. నేను తలుపు తీస్తా. మీరు ఆ యాపచెట్టు కాడ నిలబడి హారతి ఇద్దురు. ఈ పొద్దే కాదు, ఎప్పుడిచ్చినా ఆడినుంచే."

ఆమె పళ్ళెం వంకా, నా నామం వంకా చూసింది. "అట్ల సెప్పు మరి," అని వేపచెట్టు వైపు నడిచింది. ఉద్యోగంలో నా నామం పనిచేసింది ఆ ఒక్కసారే.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ముందు సోలారు పలక మీద తువ్వాలు కప్పాను, ఛార్జి ఆగడానికి. ఫ్లెక్సీ కోసేశాను, లీడరు నవ్వుతూనే నేల మీద పడ్డాడు. తలుపుకు ఎదురుగా కాకుండా మడతబందుల వైపు నిలబడి, మొహం తిప్పుకుని, చెయ్యి చాచి తెరిచాను. తెరిచి దూరంగా వచ్చేశాను. గాలి పోవాలంటే దాన్ని పోనివ్వాలి. అక్కడ హీరోల్లా తొందరపడి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు తర్వాత కళ్ళద్దాల కొట్టుతో కూడా పని ఉండదు. వేపచెట్టు కింద రేణుకమ్మ కర్పూరం వెలిగించింది. నేను కూడా దండం పెట్టాను, దేవుడికో పెట్టెకో తేల్చుకోకుండా.

లోపల అనుకున్నట్టే ఉంది. గోడలకు చెమట, గుళికలు ఎప్పుడో గులాబీ అయిపోయాయి. బ్యాటరీకి 'ఇంక చాలు' అని చెప్పే చిన్న పరికరం తేమకు చిలుం పట్టి చచ్చిపోయింది. చాలనేవాడు పోతే ఎవరైనా ఉబ్బుతారు. బ్యాటరీ పొట్ట పక్కలకు తన్నుకొచ్చి, ఒక మూల చీలి కారుతోంది. అద్దాలు, చేతొడుగులు వేసుకుని నెగటివ్ వైరు ముందు, పాజిటివ్ తర్వాత విప్పి, దాన్ని ఎత్తి గట్టు అవతల నీడలో పెట్టాను. కారిన ఆసిడ్ మీద చల్లడానికి వంట సోడా అడిగితే రేణుకమ్మ డబ్బాతో తెచ్చిచ్చింది.

ఇప్పుడు పెట్టె క్షేమం. కానీ మూగది. మారు బ్యాటరీ చిత్తూరు ఆఫీసులో కుంకుమ బొట్టు పెట్టుకుని, తాళం వెనక పూజలందుకుంటోంది.

అప్పుడే వంక రంగు మారింది. ఎర్రనీళ్ళు, పుల్లలు, నురగ. చప్టా మీద పల్చగా పారడం మొదలైంది. అవతలి ఒడ్డున మునస్వామి బండి దిగి పంచె ఎగ్గడుతున్నాడు.

"ఓయ్! రాబాకా! ఆడనే ఉండు!" రేణుకమ్మ కేక.

"మోకాటి లోతే గదే! వడలు ఎత్తిపెట్టు, వస్తా ఉండా!"

"సామీ, దాన్ని కుయ్యమని సెప్పు సామీ!" ఆమె నా చొక్కా పట్టుకుంది.

నా బండి సీటు పీకాను. దాని బ్యాటరీ చిన్నదే, కానీ అదీ పన్నెండు వోల్టులే. గబగబా విప్పాను. గబగబా స్పానరు తిప్పకూడదని నేనే కొత్తవాళ్ళకు చెబుతాను. పాజిటివ్ బిగించాను, ఫ్యూజు చూశాను. తలెత్తితే మునస్వామి ఒక కాలు నీళ్ళలో పెట్టి ఉన్నాడు. నెగటివ్ తగిలించాను.

సైరన్ కూసింది. మునస్వామి ఆగాడు. పెళ్ళాం కేకకు ఆగని మనిషి కాలు వెనక్కి తీసుకుని, బడిపిల్లాడిలా ఒడ్డున నిలబడ్డాడు. ఆయన అట్లా నిలబడి ఉండగానే ఒక మొద్దు కొట్టుకొచ్చి, చప్టా నడిమధ్య గుద్దుకుని, దొర్లి అవతల పడింది. నీళ్ళు దాని వెనకే ఎత్తుగా వచ్చాయి. చప్టా కనబడలేదు.

రేణుకమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఓదార్చబోయాను గానీ, సైరన్ చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు.

కాసేపటికి సైరన్ విరామమిచ్చింది. వంకకు అటూ ఇటూ సంసారం మొదలైంది.

"ఓళిగలు సేసినావా?"

"సేసినా! వడలు కూడా!"

"నాకు ఎత్తిపెట్టు!"

"ఎన్ని దినాలు పెట్టేది? సామికి పెడతా ఉండా!"

"నన్ను ఈడ నిలబెట్టి నా వడలు వాడు తింటాడా?"

"నువ్వు బతికినావు గదా, అదే నీ వడ!"

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వాళ్ళ మధ్య పొంగిన వంక ఉంది. నా పక్కన సీటు ఊడిన బండి ఉంది. వాళ్ళు ఒకరికొకరు ఉన్నంత దగ్గరగా నాకు ఆ రోజు ఎవరూ లేరని తెలుస్తూనే ఉంది. అలసంద వడలు వేడిగా ఉన్నాయి కాబట్టి దాని గురించి ఎక్కువసేపు ఆలోచించలేదు.

ఫోను మోగింది. గోవిందస్వామి సారు. వెనక గంట చప్పుడు.

"ఏమప్పా, పెట్టె ఎట్లుండాది?"

"బాగుండాది సార్."

"సంతోషం" అని పెట్టేశాడు.

చినుకులు మొదలయ్యాయి. రేణుకమ్మ ఫ్లెక్సీ ఎత్తి పెట్టె వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి దాన్ని నా నెత్తిన కప్పింది. లీడరు నవ్వు నా వీపు మీదికి వచ్చింది. ఆమె నా బండి వంక, పెట్టె వంక, మళ్ళీ నా వంక చూసింది.

"నీ బండి పానం తీసి దానికి పెడితివే. నువ్వెట్ల పోతావప్పా ఇంటికి?"

అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట నన్నడిగింది ఆమె ఒక్కతే. ఇంకో వడ తీసుకున్నాను.